నలభై దాటాక లెక్కల ఉద్యోగం: సీపీఏ ఆఫీసా, కంపెనీ అకౌంట్సా?

"పబ్లిక్ అకౌంటింగ్ అంటే గవర్నమెంటు ఉద్యోగమేమో, సిటిజన్లకే ఇస్తారేమో అనుకుని ఆ ప్రకటనలు చదవడమే మానేశానక్కా" అంది ఆమె. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. వయసు నలభై నాలుగు. విజయవాడలో బీకాం, ఆ తర్వాత ఎంకాం చేసి, పెళ్లయి ఇక్కడికి వచ్చింది. పదిహేనేళ్లు ఇల్లూ పిల్లలూ. పెద్దవాడు కాలేజీకి వెళ్లాడు. చేతిలో వర్క్ పర్మిట్ ఉంది. మళ్లీ లెక్కల వైపు వెళ్లాలని గట్టిగా అనుకుంటోంది. కానీ ఎటు వెళ్లాలో తెలియక ఆర్నెల్లుగా అక్కడే ఆగిపోయింది.

ఇలా అడిగేవాళ్లు నాకు ఏటా నలుగురైదుగురు తగులుతారు. నేనూ ఆ దారినే వచ్చాను కాబట్టి అడుగుతారు. గుంటూరు దగ్గర ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. నలభై మూడో ఏట టెక్సస్‌లో చిన్న సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్, అంటే లైసెన్సున్న లెక్కల నిపుణుల) ఆఫీసుల్లో చేరి, రెండు టాక్స్ సీజన్లు పనిచేసి, తర్వాత ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి మారాను. రెండు వైపులా కొంత కొంత చూశాను. ఆమెకు ఆ రోజు కాఫీ చల్లారిపోయేదాకా చెప్పినదాన్నే ఇక్కడ కాస్త వరసలో పెడుతున్నాను. ఇదంతా అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి. ఇండియాలో సీఏ చదువు, ప్రాక్టీసు వేరే లోకం.

ముందు ఆ మాట సంగతి. ఇక్కడ పబ్లిక్ అంటే ప్రభుత్వం కాదు, జనం. సీపీఏలో ఉన్న 'పబ్లిక్' అదే. డబ్బు తీసుకుని బయటివాళ్లకు లెక్కల సేవ చేసే ఆఫీసు పబ్లిక్ అకౌంటింగ్ కిందికి వస్తుంది. ఒకరి టాక్స్ వేస్తుంది, ఇంకొకరి పుస్తకాలు ఆడిట్ చేస్తుంది, మరొకరికి సలహా ఇస్తుంది. డెలాయిట్, పీడబ్ల్యూసీ, ఈవై, కేపీఎంజీ అనే నాలుగు పెద్దవాళ్లు ఈ గుంపే. స్ట్రిప్ మాల్‌లో ఇండియన్ స్టోర్ పక్కన ఇద్దరు ముగ్గురితో నడిచే టాక్స్ ఆఫీసూ ఈ గుంపే. రెండో వైపు కార్పొరేట్ అకౌంటింగ్. ఇక్కడివాళ్లు ఎక్కువగా ఇండస్ట్రీ అంటారు. ఒకే సంస్థలో ఉద్యోగిగా ఉండి, ఆ సంస్థ పుస్తకాలే రాయడం. ఆ సంస్థ ఆసుపత్రి కావచ్చు, ట్రక్కుల కంపెనీ కావచ్చు, యూనివర్సిటీ కావచ్చు.

ఊళ్లో కిరాణా కొట్టు గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కొట్లో కూర్చుని రోజూ ఖాతా పుస్తకం రాసే గుమస్తా ఒకడు. ఏడాదికోసారి బయటినుంచి వచ్చి, ఆ పుస్తకం ప్రకారం సరుకు ఉందా, బాకీలు నిజమేనా అని చూసి వెళ్లేవాడు ఇంకొకడు. ఇద్దరికీ లెక్కలే వచ్చు. కానీ ఒకడి బాధ్యత కొట్టుకు, రెండోవాడి బాధ్యత ఆ కొట్టుకు అప్పిచ్చినవాళ్లకు.

ఈ తేడా ఎంత పెద్దదో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరంలో, 2008 సెప్టెంబరు నాటి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నాడు. ఆ పుస్తకాలు రాసింది లోపలివాళ్లు. సరిగా ఉన్నాయని సంతకం పెట్టింది ప్రైస్ వాటర్‌హౌస్ అనే బయటి ఆడిట్ సంస్థ. బ్యాంకులో డబ్బుందా లేదా అన్నది ఆడిటర్ నేరుగా బ్యాంకుకే రాసి, జవాబు నేరుగా తన చేతికే తెప్పించుకుని తేల్చుకోవాలి. ఆ ఉత్తరాల్ని ఆడిటర్లు తమ చేతిలో ఉంచుకోకుండా కంపెనీ యాజమాన్యానికే వదిలేశారని అమెరికాలో షేర్ మార్కెట్లను పర్యవేక్షించే ఎస్ఈసీ తేల్చి, 2011 ఏప్రిల్‌లో ఆ సంస్థ భారత శాఖల మీద 60 లక్షల డాలర్ల జరిమానా వేసింది. సత్యం షేర్లు న్యూయార్క్‌లోనూ అమ్ముడయ్యేవి, అందుకే ఎస్ఈసీ కలగజేసుకుంది. ఒక జూనియర్ ఆడిటర్ చేసే అతి చిన్న పని బ్యాంకుకు ఉత్తరం పంపడం. దాని బరువు ఇంత. ఆ రోజుల్లో హైదరాబాదులో మా బంధువుల ఇళ్లలో ఎవరికీ నిద్ర లేదు. అందుకే ఆడిట్ అంటే ఉత్త టిక్కులు పెట్టడం అని ఎవరైనా తేలిగ్గా అంటే నేను ఊరుకోలేను.

అయితే ఉద్యోగం ఎంచుకునేటప్పుడు పని గొప్పతనం ఒక్కటే చూస్తే సరిపోదు. రోజు ఎలా గడుస్తుందో చూడాలి.

రోజు ఎలా ఉంటుంది

కంపెనీ అకౌంట్స్‌లో నెల అంతా ఒక్కలా ఉండదు. నెలాఖరు దాటగానే క్లోజ్ మొదలవుతుంది. మొదటి పనిరోజు నుంచి ఐదో పనిరోజు దాకా, కొన్ని చోట్ల ఎనిమిది, పది దాకా, ఆ నెల పుస్తకం మూయాలి. డిసెంబరులో వాడిన కరెంటుకు బిల్లు జనవరి 12న వస్తుంది. కానీ ఖర్చు డిసెంబరుదే. కాబట్టి బిల్లు రాకముందే అంచనా వేసి డిసెంబరులో రాస్తారు. అది అక్రూవల్. ఏడాది ఇన్సూరెన్స్ ఒకేసారి కడితే దాన్ని పన్నెండు నెలలకు పంచుతారు. బ్యాంకు స్టేట్‌మెంటుకూ మన పుస్తకానికీ తేడా ఎక్కడుందో వెతికి కలుపుతారు, అది రీకన్సిలియేషన్. చివరికి పోయిన నెలతో పోలిస్తే ఈ నెల రవాణా ఖర్చు ఎందుకు పెరిగింది అని మేనేజరు అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలగాలి. ఆ ఒక్క వాక్యం కోసం గోడౌన్ వాళ్లకు, సేల్స్ వాళ్లకు, కొనుగోళ్ల వాళ్లకు ఫోన్లు చేస్తాం. నాకు ఈ పనిలో ఇష్టమైన భాగం అదే. అంకె వెనక ఎవరో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఉంటుంది.

ఆ మొదటి వారం పోతే మిగతా మూడు వారాలు సాయంత్రం ఆరుకు ఇంట్లో ఉంటాం. మూడు నెలలకోసారి కొంచెం ఎక్కువ. ఏడాది చివర, ఆడిటర్లు వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ.

పబ్లిక్ వైపు ఏడాదే వేరుగా నడుస్తుంది. మార్చి 15న పార్ట్‌నర్‌షిప్‌లు, ఎస్ కార్పొరేషన్ల (లాభం మీద టాక్స్ యజమానులే కట్టుకునే కంపెనీల) రిటర్నులు. ఏప్రిల్ 15న వ్యక్తులవీ, తమ టాక్స్ తామే కట్టే సి కార్పొరేషన్లవీ. గడువు పెంచుకున్నవాళ్లకు సెప్టెంబరు 15, అక్టోబరు 15. మన భాషలో చెప్పాలంటే సంక్రాంతి ముగ్గులు చెరగకముందే మొదలై ఉగాది దాటేదాకా బిజీ సీజన్. వారానికి యాభై ఐదు, అరవై గంటలు మామూలు. పెద్ద సంస్థల ఆడిట్‌లో డెబ్బై కూడా నడుస్తాయి. నా రెండు సీజన్లలోనూ ఉగాది పచ్చడి మా ఆయనే చేశాడు. పిల్లల స్ప్రింగ్ బ్రేక్ సరిగ్గా ఆ మధ్యలోనే పడుతుంది. ఇండియా నుంచి అత్తమామలు వచ్చే సమయం కూడా తరచూ అదే, చలి తగ్గిందని మార్చిలో వస్తారు.

ఇంకో సంగతి ఉంది. దాని గురించి ముందుగా ఎవరూ హెచ్చరించరు. పబ్లిక్‌లో ప్రతి పావుగంటకూ లెక్క రాయాలి. ఏ క్లయింటుకు ఎన్ని గంటలు అని టైమ్‌షీట్. ఒక రిటర్నుకు నాలుగు గంటలు అనుకున్న చోట మీకు తొమ్మిది పడితే అది కనబడిపోతుంది. పాతికేళ్ల పిల్లలు దాన్ని పెద్దగా పట్టించుకోరు. నలభై ఐదేళ్ల మనిషికి, అప్పటికే 'నేను నెమ్మదిగా చేస్తున్నానేమో' అనే భయం ఉన్నచోట, ఆ కాగితం గుండెల మీద కూర్చుంటుంది. నేను మొదటి నెల చాలా గంటలు రాయకుండా మింగేశాను. అది తప్పు. రాయకపోతే వచ్చే ఏడాది ఇంకొకరికి అదే దొంగ లెక్క మీద టైము ఇస్తారు. మనకు నేర్పాల్సిన అవసరం ఉందని పైవాళ్లకూ తెలియదు.

ఇరవై రెండేళ్లవాళ్ల సలహా

ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటుంది. "ముందు పబ్లిక్‌లో రెండు మూడేళ్లు చెయ్యి, తర్వాత కంపెనీకి మారు, జీతం పెరుగుతుంది." ఈ సలహా తప్పు కాదు. కానీ ఇది ఇరవై రెండేళ్లవాళ్ల కోసం పుట్టిన సలహా. పెద్ద సంస్థలు ఒక గోపురం లాంటివి. అడుగున ప్రతి ఏడాదీ కాలేజీల నుంచి కొత్త పిల్లల్ని వందలకొద్దీ తీసుకుంటారు, వాళ్లలో చాలామంది మూడు నాలుగేళ్లలో బయటికి వెళ్లిపోతారని తెలిసే తీసుకుంటారు. పైదాకా వెళ్లి పార్ట్‌నర్ కావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఆ పార్ట్‌నర్లు కూడా అరవై, అరవై రెండు వచ్చేసరికి తప్పుకోవాలని పెద్ద సంస్థల ఒప్పందాల్లోనే ఉంటుంది. నలభై నాలుగులో చేరిన మనిషికి ఆ నిచ్చెన పూర్తిగా సరిపోదు.

గుమ్మం దగ్గర కూడా ఇబ్బంది ఉంది. క్యాంపస్ ద్వారానే ఎక్కువగా తీసుకునే పద్ధతి నలభై దాటినవాళ్లకు తలుపులు మూసేస్తోందని 2016లో పీడబ్ల్యూసీ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. సంస్థ తప్పేమీ చేయలేదనే వాదించింది. 2020లో సుమారు కోటి 16 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. నలభై దాటినవాళ్లను వయసు చూసి పక్కన పెట్టకూడదని అమెరికాలో 1967 నుంచి చట్టం ఉంది. చట్టం ఉంది కదా అని పిలుపు రాదు. కాలేజీ కెరీర్ ఫెయిర్‌లో వరసలో నిలబడితే అందరూ మన పిల్లల వయసువాళ్లే. నేను నిలబడ్డాను. నా రెజ్యూమె తీసుకున్న అమ్మాయి "మీ అబ్బాయి కోసమా?" అని అడిగింది. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ ఆ రోజే అనుకున్నాను, నా గుమ్మం ఇది కాదని.

కాబట్టి అసలు ప్రశ్న పబ్లిక్కా, కార్పొరేటా అన్నది కాదని నా నమ్మకం. ఎంత పెద్ద ఆఫీసు, అందులో ఎవరు మనకు నేర్పుతారు అన్నది అసలు ప్రశ్న. ఈ రెండూ సరిగ్గా కుదిరితే ఏ వైపైనా బతుకుతాం. కుదరకపోతే రెండు వైపులా ఒకే మూలన పడతాం.

చిన్న సీపీఏ ఆఫీసు

ఐదుగురి నుంచి పాతికమంది దాకా ఉండే సీపీఏ ఆఫీసులు ఈ దేశంలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్లకు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మనుషులు కావాలి, దొరకరు. వయసు అక్కడ పెద్దగా అడ్డం కాదు. ఎదురుగా కూర్చున్న క్లయింటుకు అరవై ఏళ్లుంటే, నలభై ఐదేళ్ల మనిషితో మాట్లాడటమే అతనికి హాయి. మొదటి ఏడాది సీజనల్‌గా తీసుకుంటారు, బాగా చేస్తే ఉంచుకుంటారు.

ఇక్కడ మనవాళ్లకు ఒక పెద్ద బలం ఉంది. మనవాళ్లే దాన్ని బలంగా చూడరు. ఇండియాలో ఆస్తిపాస్తులున్న క్లయింట్ల సంగతి. హైదరాబాదులో ఫ్లాటు అద్దెకిచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఇండియాలో పెట్టుకునే ఎన్ఆర్ఓ ఖాతాలో వడ్డీ వచ్చే డాక్టరు, నాన్న పోయాక తెనాలిలో స్థలం అమ్ముకున్న అక్కాతమ్ముళ్లు. ఇండియా ఖాతాలన్నిటిలో కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలు చెప్పే ఎఫ్‌బార్ ఫైల్ చేయాలి. ఇండియా మ్యూచువల్ ఫండ్లను అమెరికా చట్టం పీఎఫ్ఐసీ (విదేశీ పెట్టుబడి కంపెనీ) అనే కఠినమైన గంపలో వేస్తుంది, దానికి ఫారం 8621. అమ్మానాన్నలు ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు దాటి పంపితే టాక్స్ లేకపోయినా ఫారం 3520 ఇవ్వాలి, ఇవ్వకపోతే జరిమానా భారీగా ఉంటుంది. ఇండియా ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడ జనవరి నుంచి డిసెంబరు. కాబట్టి ఒక అమెరికా రిటర్నుకు రెండు ఇండియా ఆర్థిక సంవత్సరాల కాగితాలు విడదీసి కలపాలి.

ఇవన్నీ ఇక్కడ పుట్టి పెరిగిన సీపీఏకు తలనొప్పి. మనకు ఈ కాగితాలు ఇంట్లో పెరిగిన కాగితాలు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద టీడీఎస్ అంటే ఏమిటో, జాయింట్ ఖాతాలో అమ్మ పేరు ఎందుకుందో, స్థలం రిజిస్ట్రేషన్ విలువకూ నిజంగా చేతులు మారిన డబ్బుకూ తేడా ఎందుకు వస్తుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు నా మొదటి ఆఫీసులో విలువ వచ్చింది ఇందువల్లే. నాలుగు నెలల్లో ఇండియా ఫైళ్లన్నీ నా బల్ల మీదికే వచ్చాయి.

దీనికి కావాల్సిన అర్హత కూడా అందుబాటులో ఉంది. ఎన్‌రోల్డ్ ఏజెంట్, అంటే ఈఏ. అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే లైసెన్సు. మూడు పేపర్లు: వ్యక్తుల టాక్స్, వ్యాపారాల టాక్స్, ఐఆర్ఎస్ ముందు క్లయింటు తరఫున నిలబడే పద్ధతులు. డిగ్రీ అడగరు. దేశమంతా చెల్లుతుంది. ఉద్యోగం వద్దనుకుంటే యాభై ఐదేళ్లకు సొంతంగా బోర్డు పెట్టుకోవచ్చు, డెబ్బై దాకా ఓపిక ఉన్నన్ని రిటర్నులు చేసుకోవచ్చు. లేటుగా మొదలుపెట్టినవాళ్లకు ఇంతకంటే అనువైన లైసెన్సు నాకు తెలియదు.

చిన్న ఆఫీసుల లోపాలూ చెప్పాలి. నేను చేసిన వాటిలో ఒక చోట నేర్పే మనిషే లేడు. నా రిటర్ను మీద ఎర్ర అక్షరాలతో 'తప్పు' అని మాత్రం వచ్చేది, ఎందుకు తప్పో ఉండేది కాదు. మార్చిలో ఎవరినీ అడగలేం. అలాంటి చోట రెండేళ్లు ఉన్నా ఒక ఏడాది అనుభవమే మిగులుతుంది. చాలా చిన్న ఆఫీసుల్లో హెల్త్ ఇన్సూరెన్స్ ఉండదు, 401(కె) అనే రిటైర్మెంట్ పొదుపు ఖాతా ఉన్నా యజమాని వాటా ఉండదు. భర్త ఇన్సూరెన్స్ మీద ఉన్నవాళ్లకు ఫరవాలేదు. ఒంటరిగా సంసారం నడిపేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

కంపెనీ వైపు ఏ తలుపు

కంపెనీ అంటే పెద్ద పేరున్నదే కావాలని మనవాళ్లకు ఆశ. నేను వద్దంటాను, కనీసం మొదటి ఉద్యోగానికి. పెద్ద కంపెనీలో పని ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ఒకరు సరఫరాదారుల బిల్లులే చూస్తారు, అది ఏపీ (అకౌంట్స్ పేయబుల్). ఒకరు రావాల్సిన బాకీలే చూస్తారు, అది ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్). ఏపీలో చేరిన మనిషి ఐదేళ్లయినా ఏపీలోనే ఉండి, కంపెనీ మొత్తం లెక్కలుండే జనరల్ లెడ్జర్ ముఖం చూడకుండా ఉండిపోవడం నేను కళ్లారా చూశాను. పైగా ఆ ముక్కలే ఇప్పుడు హైదరాబాదుకు వెళ్తున్నాయి. గచ్చిబౌలి, హైటెక్ సిటీల్లోని పెద్ద కంపెనీల సెంటర్లలో మన అన్నదమ్ముల పిల్లలు చేస్తున్న పని ఇదే. ఇక్కడ నలభై ఐదేళ్ల వదిన దరఖాస్తు పెట్టుకున్న పనీ, అక్కడ పాతికేళ్ల మేనకోడలు చేస్తున్న పనీ ఒకటే. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ తెలుసుకుని అడుగు వేయాలి.

ఆ మాటకొస్తే పబ్లిక్ వైపు కూడా ఇంతే. పెద్ద సంస్థల టాక్స్, ఆడిట్ పనుల్లో కొంత హైదరాబాదు ఆఫీసుల్లోనే తయారవుతోంది. వ్యక్తుల రిటర్ను వివరాలు దేశం బయటికి పంపాలంటే క్లయింటు రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అమెరికా పన్ను చట్టంలోని సెక్షన్ 7216 నియమాలు చెబుతాయి. అందుకే చిన్న ఆఫీసుల్లో చాలా పని ఇంకా ఇక్కడే ఉంది. క్లయింటు ఎదురుగా కూర్చుని, షూ పెట్టెలో రసీదులు పోసి, తన కష్టం చెప్పుకునే పని ఎక్కడికీ పోదు.

కాబట్టి కంపెనీ వైపు వెళ్లాలనుకుంటే అకౌంట్స్‌లో ముగ్గురు నలుగురే ఉన్న మధ్యతరహా చోట్లు వెతకండి. కాంట్రాక్టర్లు, దంత వైద్యుల గ్రూపులు, చర్చి పాఠశాలలు, స్వచ్ఛంద సంస్థలు. అక్కడ స్టాఫ్ అకౌంటెంటుగా చేరితే బిల్లులు, జీతాలు, బ్యాంకు రీకన్సిలియేషన్, నెలాఖరు ఎంట్రీలు, ఆడిటర్లకు కాగితాలు ఇవ్వడం, అన్నీ ఒకే ఏడాదిలో చేతిలోంచి వెళ్తాయి. ఒక పూర్తి క్లోజ్ మొదటినుంచి చివరిదాకా చేయగలను అని చెప్పగలిగిన మనిషికి తర్వాతి ఉద్యోగం వెతుక్కోవడం కష్టం కాదు.

అటునుంచి ఇటు మారడం గురించి మాత్రం ఒక జాగ్రత్త. పబ్లిక్ నుంచి కంపెనీకి రావడం తేలిక, కంపెనీ నుంచి పబ్లిక్‌కు వెళ్లడం కష్టం అంటారు. ఆడిట్ చేసినవాళ్ల విషయంలో ఇది నిజం. టాక్స్ ఆఫీసులో వ్యక్తుల రిటర్నులు మాత్రమే చేసినవాళ్ల విషయంలో కాదు. కంపెనీ మేనేజరు కంటికి 1040 ఫారాల అనుభవం పెద్దగా ఆనదు. నేను మారగలిగింది వ్యాపారాల రిటర్నులు, వాళ్ల క్విక్‌బుక్స్ (లెక్కల సాఫ్ట్‌వేర్) పుస్తకాలు శుభ్రం చేసే పని కూడా అడిగి మరీ తీసుకున్నాను కాబట్టి. రెండు దారులూ తెరిచి ఉంచుకోవాలంటే టాక్స్ ఆఫీసులో మొదటి వేసవిలోనే ఆ పని అడగాలి.

పరీక్షలు, చదువు, ఇంట్లో లెక్క

సీపీఏ తప్పనిసరా? పబ్లిక్‌లో పైకి వెళ్లాలంటే, ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే తప్పనిసరి. కంపెనీలో కంట్రోలర్ (అకౌంట్స్ విభాగం పెద్ద) స్థాయి దాకా చాలా సాయం. స్టాఫ్ అకౌంటెంటుకు అవసరం లేదు. పరీక్ష 2024 జనవరిలో మారింది. ఆడిట్, ఫైనాన్షియల్ అకౌంటింగ్, టాక్స్ చట్టాలు అనే మూడు అందరికీ, నాలుగోది మనకు నచ్చిన విభాగం. ఒక్కోటి నాలుగు గంటలు, 75 వస్తే పాస్. మొదటిది పాసయ్యాక మిగతావి పూర్తిచేయడానికి ఇంతకుముందు 18 నెలలే ఉండేవి, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో 30 నెలలు. సంసారం ఉన్నవాళ్లకు ఆ పన్నెండు నెలలు ఎంతో. ఇండియాలో ఉన్నవాళ్లు 2020 నుంచి హైదరాబాదులోనే రాయొచ్చు.

మనవాళ్లు తట్టుకుని పడేది డిగ్రీ దగ్గర. మన బీకాం మూడేళ్లు. ఇక్కడి బ్యాచిలర్స్ నాలుగేళ్లు. ఒక్క బీకాం ఉంటే చాలా రాష్ట్రాల బోర్డులు సరిపోదంటాయి. ఎంకాం కలిస్తే చాలా వరకు గట్టెక్కుతుంది. ముందు మార్కుల జాబితాలు మదింపు చేయించుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే ఏ కోర్సులు తక్కువయ్యాయో తెలుస్తుంది. అవి కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రాలు చేసుకోవచ్చు. టెక్సస్ అయితే బోర్డు ఒప్పుకున్న ఎథిక్స్ కోర్సు ఒకటి విడిగా అడుగుతుంది. ఇన్నాళ్లూ లైసెన్సుకు 150 క్రెడిట్ గంటల చదువు కావాల్సి వచ్చేది, అంటే బ్యాచిలర్స్ మీద మరో ఏడాది. 2025లో ఒహాయో, వర్జీనియా, టెక్సస్ లాంటి రాష్ట్రాలు చట్టం మార్చాయి. బ్యాచిలర్స్, రెండేళ్ల అనుభవం, పరీక్ష ఉంటే చాలనే దారి తెరిచాయి. లేటుగా వచ్చినవాళ్లకు ఇది నిజంగా మేలు. ఆ ఏడాది ఫీజు కట్టే బదులు జీతం తీసుకోవచ్చు. ఆ అనుభవం కంపెనీలోదైనా చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, కాకపోతే లైసెన్సున్న సీపీఏ ఒకరు ధ్రువీకరించాలి. ఉద్యోగంలో చేరేముందే మీ పైన ఉన్న మనిషి సీపీఏనా కాదా కనుక్కోండి. కంపెనీ వైపే ఉండిపోతాం అనుకునేవాళ్లకు సీఎంఏ (సర్టిఫైడ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్) ఉంది, రెండే పేపర్లు.

జీతం సంగతి క్లుప్తంగా. అకౌంటెంట్లు, ఆడిటర్లందరి మధ్యస్థ జీతం 2023లో 79,880 డాలర్లని అమెరికా కార్మిక శాఖ లెక్క. మనం మొదలుపెట్టేది దానికంటే చాలా కిందే.

నెల జీతం కంటే ముఖ్యమైన ఇంకో అంకె ఉంది, దాన్ని మన ఆడవాళ్లలో చాలామంది ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. మన సొంత పని మీద సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే నలభై క్రెడిట్లు కావాలి. ఏడాదికి నాలుగే వస్తాయి. అంటే పదేళ్లు. ఇండియాలో చేసిన ఉద్యోగం ఇందులో కలవదు, రెండు దేశాలకూ ఆ ఒప్పందం లేదు. భర్త పింఛను మీద భార్యకు సగం దాకా వస్తుంది నిజమే. కానీ తన పేరు మీద తనకు రావడం వేరు. నలభై నాలుగులో మొదలుపెడితే యాభై నాలుగుకు పూర్తవుతుంది. యాభై ఎనిమిదిలో మొదలుపెడితే అరవై ఎనిమిదికి. సీజనల్ టాక్స్ పని చేసినా చాలు, ఏడాది సంపాదన ఒక చిన్న మొత్తం దాటితే నాలుగు క్రెడిట్లూ వచ్చేస్తాయి. అందుకే ఏ వైపు వెళ్లాలా అని ఏళ్ల తరబడి ఆలోచిస్తూ కూర్చోవద్దని అందరినీ బతిమాలతాను.

హెచ్4 మీద, అంటే హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా మీద, ఉన్నవాళ్లకు ఒక మాట. 2015 మే నుంచి కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది. ఆ అనుమతి కార్డు గడువు జనవరి, ఏప్రిల్ మధ్య ముగిసేలా ఉంటే టాక్స్ ఆఫీసుకు ముందే చెప్పాలి, రెన్యువల్‌కు 180 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు. సీజన్ మధ్యలో కార్డు ఆగిపోతే ఆ టెన్షన్ మీకూ, మిమ్మల్ని నమ్ముకున్న ఆఫీసుకూ.

ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగేముందు అడగాల్సినవి మూడే ఉన్నాయి. నా పని ఎవరు చూస్తారు? తప్పు చేస్తే అది నాకు ఎలా తెలుస్తుంది? పోయిన ఏడాది ఈ కుర్చీలో ఉన్న మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు? మూడో ప్రశ్నకు "ప్రమోషన్ వచ్చింది, పక్క గదిలో ఉంది" అంటే చేరిపోండి, అది సీపీఏ ఆఫీసైనా, సిమెంటు కంపెనీ అయినా. నన్ను తీసుకున్న రెండో ఆఫీసులో ఆ పక్క గది మనిషిని పిలిచి నాతో మాట్లాడనిచ్చారు. ఆమె యాభై ఒకటో ఏట అక్కడ చేరిందట.

ఫ్రిస్కో అమ్మాయికి నేను చివరికి చెప్పింది ఉద్యోగం గురించి కాదు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు, వికలాంగులకు, ఇంగ్లీషు సరిగా రానివాళ్లకు ఉచితంగా టాక్స్ వేసిపెట్టే వీటా అనే కార్యక్రమాన్ని ఐఆర్ఎస్ నడిపిస్తుంది. లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో బల్లలు వేస్తారు. వలంటీర్లకు ఉచితంగా శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, సర్టిఫికెట్ ఇస్తారు. ఒక సీజన్ అక్కడ కూర్చుంటే ఈ పని మన ఒంటికి పడుతుందో లేదో తెలిసిపోతుంది. మనుషులతో మాట్లాడుతూ లెక్క చేయడం నచ్చితే సీపీఏ ఆఫీసు. ఆ గోల వద్దు, నాకు ఒక్క పుస్తకం ఇచ్చి నెలంతా దాన్ని సరిచూసుకోనివ్వండి అనిపిస్తే కంపెనీ. ఆమె నవంబరులో శిక్షణకు పేరు ఇచ్చింది. మార్కుల జాబితాల కోసం యూనివర్సిటీకి వెళ్లమని విజయవాడలో తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేసిందట.